బీ అత్త పేరున ఏం రాశారు?

గుర్రాన్ని దగ్గరగా చూసిన ఆడవాళ్ళు మనలో ఎంతమంది వుంటారు చెప్పండి! నా మట్టుకు నాకు తెలిసిన గుర్రాలు మూడే. చిన్నప్పుడు నెల్లూరు స్టేషన్ ముందు జట్కాకి కట్టిన బక్కగుర్రం ఒకటి. రంగనాయకస్వామి బ్రహ్మోత్సవాల్లో స్వామివారిని మోసే అశ్వవాహనం రెండోది. అది కొయ్యది కాబట్టి కరవదు, తన్నదు. మూడోది మా పెళ్ళి ఊరేగింపులో మావారు ఎక్కిన గుర్రం. ఆ రాత్రి బ్యాండుమేళానికి గుర్రం ఎక్కువ బెదిరిందా, మావారు ఎక్కువ బెదిరారా అన్నది ఈనాటికీ మా ఇంట్లో తేలని తగువే. ఇంతమాత్రం అశ్వజ్ఞానంతో, గుర్రాల పోటీల మధ్య నడిచే ఒక ఇంగ్లీషు మిస్టరీ నవల మీద రాయడానికి కూర్చున్నానంటే, అది నా ధైర్యం కాదు, ఆ నవల గొప్పతనమని మీరు గ్రహించాలి.

ఆ నవల పేరు 'బ్రాట్ ఫరార్'. రాసినావిడ జోసెఫిన్ టే. అచ్చయింది 1949లో. చెన్నై సెంట్రల్ దగ్గర పాతపుస్తకాల కొట్లో అట్ట ఊడిపోయిన ప్రతి నలభై రూపాయలకి దొరికింది. పేరు చూడగానే నాకు నవ్వొచ్చింది. మన పోలీసువాళ్ళు 'ముద్దాయి పరారీ' అంటూ వుంటారే, ఆ పరారీ గుర్తొచ్చింది. తీరా చదివితే కథ కూడా అదే. చిన్నప్పుడు ఇంట్లోంచి పరారీ అయిన పిల్లాణ్ణి నేనేనంటూ ఒకడు తిరిగి రావడం! రైలెక్కి మొదటి పేజీ తెరిచినదాన్ని, గూడూరు ఎప్పుడు దాటిందో తెలియదు. మా వెంకటాచలం స్టేషనూ దాటిపోయింది. నెల్లూరులో దిగి, ఆటోవాడికి నూరున్నర సమర్పించుకుని వెనక్కి వచ్చాను. నలభై రూపాయల పుస్తకం అలా నూటతొంభై అయింది. అయినా నష్టం లేదు.

పరాయి భాష నవలని మన ముంగిట్లోకి తెచ్చి, పక్కింటి కథలాగా చెప్పే విద్య మాలతీ చందూర్ గారిది. 'పాత కెరటాలు' చదివి పెరిగినవాళ్ళం మనం. ఆవిడంత నేర్పు నాకు లేదు గానీ, ఈ కథ చెప్పడానికి నాకు ఒక మంచి శ్రోత దొరికింది. ఆవిడ మావారి మేనత్త. డెబ్బై దాటింది. ఇంగ్లీషు రాదు. తెలుగు చదివేది గానీ ఇప్పుడు కళ్ళు సహకరించడం లేదు. రాత్రి భోజనాలయ్యాక వసారాలో చాప వేసుకుని, చింతపండు గింజలు తీస్తూ, "ఏందమ్మాయ్, నీలో నువ్వే చదువుకుంటుండావు? పైకి చెప్పరాదా?" అంటుంది. అలా నాలుగు రాత్రులు చెప్పాను. ఈ వ్యాసంలో తెలివైన మాటలు ఏవైనా వుంటే అందులో సగం ఆవిడవి. బి.ఏ.లో నేను చదివిన విమర్శ సూత్రాలు ఆ చింతపండు గింజల ముందు వెలవెలబోయాయి.

కథ ఇదీ. ఇంగ్లండులో సముద్రానికి దగ్గరగా 'లాచెట్స్' అనే పాతకాలపు ఇల్లు, దాని చుట్టూ భూములు. ఆష్‌బీ వంశం వాళ్ళది. గుర్రాలు పెంచి, వాటికి పోటీల విద్య నేర్పి, అమ్మి సంసారం ఈదుకొచ్చే కుటుంబం. ఐదుగురు పిల్లలు. పెద్దవాళ్ళు పాట్రిక్, సైమన్ కవలలు. పాట్రిక్ కొన్ని నిమిషాలు ముందు పుట్టాడు కాబట్టి ఆస్తి వాడిది. తరవాత ఎలినార్. ఆ తరవాత మళ్ళీ కవల ఆడపిల్లలు. తల్లీ తండ్రీ విమానప్రమాదంలో పోయారు. పిల్లల్ని సాకే భారం తండ్రి తోబుట్టువు బియాట్రిస్ మీద పడింది. ఇంట్లో అందరూ ఆమెని 'బీ అత్త' అంటారు. తల్లితండ్రులు పోయిన కొద్దిరోజులకే పదమూడేళ్ళ పాట్రిక్ కనిపించకుండా పోయాడు. సముద్రపు ఒడ్డున కొండకొమ్ము మీద వాడి కోటు, అందులో ఒక చీటీ. దిగులుతో సముద్రంలో దూకాడనుకున్నారు. శవం దొరకలేదు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. సైమన్‌కి ఇరవై ఒకటి నిండబోతోంది. ఆస్తి చేతికి రాబోతోంది. సరిగ్గా అప్పుడు పాట్రిక్ తిరిగొచ్చాడు. కాదు, పాట్రిక్‌లాంటివాడు వచ్చాడు.

వీడే బ్రాట్ ఫరార్. తల్లెవరో తండ్రెవరో తెలియదు. అనాథాశ్రమంలో పెరిగాడు. అమెరికా వెళ్ళి గుర్రాల దగ్గర పనిచేశాడు, ఒక కాలు విరగ్గొట్టుకుని కుంటుతూ లండన్ చేరాడు. వీధిలో వీణ్ణి చూసిన ఒక చిల్లర నటుడు, అచ్చం సైమన్ పోలికలే అని గుర్తుపట్టాడు. ఆ నటుడికి ఆష్‌బీల ఇల్లు చిన్నప్పటినుంచీ తెలుసు. ఏ గదిలో ఏముందో, ఏ పిల్లకి ఏ ముద్దుపేరో అన్నీ నేర్పిస్తానన్నాడు. ఆస్తి వచ్చాక తనకి వారం వారం ముట్టజెబితే చాలన్నాడు. బ్రాట్ మొదట ఛీ పొమ్మన్నాడు. తరవాత ఎందుకు ఒప్పుకున్నాడో తెలుసా? డబ్బుకి కాదు. ఆ ఇంట్లో గుర్రాలున్నాయని విని.

ఇక్కడ మా అత్తమ్మ చింతపండు పక్కన పెట్టింది. "గొడ్డుని కొనేటప్పుడు పళ్ళు చూస్తారు, సుళ్ళు చూస్తారు. మనిషిని ఇంట్లోకి తెచ్చుకునేటప్పుడు ఏం చూడాలంటావు?" అంది. నవల మొత్తం ఆ ప్రశ్నే. నాకు ఆ మాట తట్టడానికి మూడొందల పేజీలు పట్టింది.

నిజానికి గుర్రానికీ మోసానికీ చుట్టరికం ఈనాటిది కాదు. మన భారతంలో కద్రువా వినతా పందెం వేసుకున్నది గుర్రం తోక మీదే కదా! తెల్లని ఉచ్చైశ్రవం తోకకి తన కొడుకులైన పాముల్ని చుట్టబెట్టి, నల్లగా వుందని నమ్మించి, తోడబుట్టినదాన్ని దాసీని చేసుకుంది కద్రువ. షెర్లాక్ హోమ్స్ కథల్లో 1892లో వచ్చిన 'సిల్వర్ బ్లేజ్'లోనూ పందెపు గుర్రం నుదుటి మీది తెల్లమచ్చకి రంగు వేసి దాచేస్తారు. దొంగతనం జరిగిన రాత్రి కుక్క మొరగలేదన్న పేరుమోసిన ఆధారం ఆ కథలోదే. అందులో మనకి పనికొచ్చే ఆధారం ఇంకోటి వుంది. కాపలా కుర్రాడికి నల్లమందు పెట్టాలంటే రుచి తెలియకూడదు కనుక, ఆ పూట మసాలా దట్టించిన మాంసం కూరలో కలిపారు. ఆ రాత్రికి ఆ కూరే వండేలా చూడగలిగిన వాడెవడో కనుక్కుంటే చాలు, దొంగ దొరికినట్టే. వంటింట్లో మెలిగే మనకి ఆ చిక్కుముడి విప్పడానికి హోమ్స్ అక్కర్లేదు.

కాని కద్రువ కథలోనూ, హోమ్స్ కథలోనూ గుర్రం ఒక వస్తువు. పందెం కాయడానికీ, దాచడానికీ పనికొచ్చే వస్తువు. టే నవల్లో గుర్రం సాక్షి. తేడా అక్కడుంది.

బ్రాట్ లాచెట్స్‌కి వచ్చిన కొత్తల్లో సైమన్ నవ్వుతూ ఒక నల్లగుర్రాన్ని ఎక్కమని ఇస్తాడు. దాని పేరు టింబర్. చూడ్డానికి నిగనిగలాడుతూ ముద్దొస్తూ వుంటుంది. నిజానికి అంతకుముందే ఒక మనిషి ప్రాణం తీసిన గుర్రం అది. ఎక్కినవాణ్ణి చెట్లకొమ్మల కిందికి తీసుకుపోయి గీకి పడేసే రకం. ఆ సంగతి సైమన్ చెప్పడు. బ్రాట్‌కి గుర్రాల మనసు తెలుసు కాబట్టి బతికి బయటపడతాడు.

ఇంత చెప్పానో లేదో మా అత్తమ్మ, "పొడిచే ఎద్దని చెప్పకుండా పగ్గం చేతికిచ్చాడా? అయితే వాడేలే అమ్మాయ్, ఆ పిల్లోణ్ణి చంపినోడు!" అనేసింది.

నేను ఇంకా సగం కూడా చెప్పలేదు! నాకు ఉక్రోషం వచ్చింది. తరవాత ఆలోచిస్తే, రచయిత్రి కూడా అక్కడే చెప్పేసిందని అర్థమైంది. హంతకుణ్ణి ఆమె దాచలేదు, అందుకే నేనూ దాచడం లేదు. అందరు డిటెక్టివ్ రచయితలూ సిగరెట్టు మసి, వేలిముద్రలు, ఆగిపోయిన గడియారం పెట్టి మనల్ని తిప్పుతారు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ అయినా ఆ దారినే నడవాలి. టే పెట్టిన ఆధారం వేరు. పశువులున్న ఇంట్లో ఒక ధర్మం వుంటుంది. గొడ్డు గుణం దాచి ఎవరి చేతికీ పగ్గం ఇవ్వకూడదు. అమ్మేవాడు కూడా 'ఇది ఎడంపక్క కాలు విసురుతుంది' అని చెప్పి మరీ అమ్ముతాడు. ఆ ధర్మం తప్పినవాడు ఏ ధర్మమైనా తప్పుతాడు. ఈ సంగతి లాయర్లకి తట్టదు, పోలీసులకి తట్టదు. గొడ్ల దగ్గర బతికిన మనిషికి మాత్రం వెంటనే తడుతుంది.

నవల్లో బాగా రక్తికట్టిన ఘట్టం బ్యూర్స్ అనే ఊళ్ళో జరిగే వ్యవసాయ ప్రదర్శన. చుట్టుపక్కల కుటుంబాలన్నీ గుర్రాలతో వస్తాయి. దడులు దూకించే పోటీలు, నడక అందం చూసే పోటీలు, పరుగు పందేలు, బహుమతులు. ఇదంతా అత్తమ్మకి ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే, "సంక్రాంతికి బండలాగుడు పోటీల మాదిరంటావు" అని ఆవిడే తేల్చేసింది. ఆ మాట అక్షరాలా నిజం. మా మామగారు పోటీ ఎద్దుల్ని పెంచేవారట. మన వైపు పశువుల పేరు ఎంత దూరం పోయిందంటే, బ్రెజిల్ దేశంలో ఆ జాతిని మన జిల్లా పేరుతోనే 'నెలోర్' అంటారు. పోటీకి పోయే జతకి నానబెట్టిన ఉలవలు ఎప్పుడు పెట్టాలో, ఏ ఎద్దు జనం కేకలకి బెదురుతుందో, ఏ ఎద్దుకి చర్నాకోల అక్కర్లేదో తెలిసినవాళ్ళకి బ్యూర్స్ మైదానం కొత్తగా వుండదు. బహుమతి ఇచ్చేది యజమాని చేతికి. గెలిచింది మాత్రం తెల్లవారుజామున లేచి ఉలవలు ఉడకబెట్టిన చెయ్యి. ఈ రెండు చేతుల మధ్య వున్న దూరాన్ని టే ఎంత నిదానంగా చూపించిందో!

ఆ ప్రదర్శన సందడిలోనే సైమన్ ముసుగు జారుతుంది. నువ్వు పాట్రిక్‌వి కావని నాకు మొదటినుంచీ తెలుసునంటాడు బ్రాట్‌తో. ఎలా తెలుసు? చంపినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది! మన 'రాముడు భీముడు'లో కవలలు ఒకరి కష్టం ఒకరు తీర్చారు. ఇక్కడ కవలల్లో ఒకడు కొన్ని నిమిషాల పెద్దరికాన్ని ఓర్వలేక రెండోవాణ్ణి చంపాడు.

ఇక చూడండి ముడి! హంతకుడు ఎవరో బ్రాట్‌కి తెలుసు. బయటపెడితే తాను దొంగ పాట్రిక్ అని ఒప్పుకోవాలి. జైలు సరే, జన్మలో మొదటిసారి దొరికిన ఇల్లు పోతుంది. కంచం ముందు కూర్చోబెట్టి 'ఇంకొంచెం వడ్డించనా' అని అడిగే మనుషులు పోతారు. నోరు మూసుకుంటే, ఎనిమిదేళ్ళనుంచి ఎవరూ పట్టించుకోని పదమూడేళ్ళ పిల్లవాడికి న్యాయం జరగదు. అబద్ధంతో ఇంట్లోకి వచ్చినవాడే ఆ ఇంట్లో చచ్చిపోయిన పిల్లవాడి కోసం నిలబడాల్సి వచ్చింది. సొంత తమ్ముడు హంతకుడు, పరాయి దొంగ ఆత్మబంధువు. మిస్టరీ నవల అంటే కాలక్షేపమే అనేవాళ్ళు ఈ ఒక్క ముడిని విప్పి చూడాలి.

వారసుణ్ణంటూ వచ్చే కథలు నిజజీవితంలోనూ జరిగాయి. ఇంగ్లండులో టిచ్‌బోర్న్ వంశపు కుర్రాడు 1854లో ఓడమునకలో పోతే, ఆస్ట్రేలియానుంచి ఒకడు నేనే వాణ్ణంటూ వచ్చాడు. కన్నతల్లి నమ్మింది. కోర్టు నమ్మలేదు. 1874లో పద్నాలుగేళ్ళ శిక్ష వేసింది. మన దేశంలో భవాల్ సన్యాసి కథ దానికి తలకిందులు. 1909లో డార్జిలింగులో చనిపోయాడనుకున్న జమీందారీ కుమారుడు పన్నెండేళ్ళ తరవాత సన్యాసిగా ఢాకాలో తేలాడు. అక్కచెల్లెళ్ళు నమ్మారు. కట్టుకున్న భార్య నమ్మలేదు. 1930లో వేసిన దావా 1946లో ప్రీవీ కౌన్సిల్‌లో ఆయన పక్షాన ముగిసింది. ఆ రెండు కేసుల్లోనూ లాయర్లు పుట్టుమచ్చలు, పాదాల కొలతలు, దస్తూరి వెతికారు. టే నవల్లో లాయరూ అవే అడుగుతాడు. వాటన్నిట్లో బ్రాట్ నెగ్గుతాడు. కాని ఇంట్లోవాళ్ళు అతన్ని నిజంగా నమ్మడం మొదలుపెట్టేది అతను గుర్రపుశాలలో మసలే తీరు చూశాక. కాగితం మీద గెలవడం వేరు, గుమ్మం లోపల గెలవడం వేరు.

గుర్రాల మిస్టరీలంటే ఎక్కువమందికి తట్టే పేరు డిక్ ఫ్రాన్సిస్. ఆయన స్వయంగా జాకీ. 1956లో ఇంగ్లండు రాజమాత గుర్రం డెవన్ లాక్‌ని గ్రాండ్ నేషనల్ పందెంలో నడిపాడు. గెలుపుగీత ఇంకో యాభై గజాలుందనగా ఆ గుర్రం ఉన్నట్టుండి కూలబడింది. ఎందుకో ఈనాటికీ తేలలేదు. తేలని ఆ మిస్టరీని భుజాన వేసుకునే ఆయన 1962నుంచి నవలలు రాశాడేమో అనిపిస్తుంది. ఆయన భార్య మేరీ కాలేజీలో సాహిత్యం చదివిన మనిషి. నవలల కోసం విమానం నడపడం కూడా నేర్చుకుంది. రాతప్రతులు దిద్దింది. అట్ట మీద మాత్రం ఆయన పేరొక్కటే వుండేది. ఆ నవలలు నాకూ ఇష్టమే. వేగం వుంటుంది, పట్టు వుంటుంది. కాని వాటిలో దెబ్బలు తినడానికీ, తేరుకోవడానికీ హీరో ఒక్కడే వుంటాడు. టే నవల్లో పందెం తరవాత అందరూ ఇంటికొచ్చి టీ తాగుతారు. ఆ టీ బల్ల దగ్గరే అసలు కథ జరుగుతుంది. ఆడవాళ్ళు రాస్తే మిస్టరీ నవల ఇంట్లోకి వస్తుంది అనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక బీ అత్త దగ్గరికి వద్దాం. యాభై ఏళ్ళ అవివాహిత. అన్నావదినల ఐదుగురు పిల్లల్ని సాకింది. తండ్రి ఆస్తి కరిగిపోకుండా గుర్రాల వ్యాపారంతో నిలబెట్టింది. ఏ గుర్రాన్ని ఎప్పుడు అమ్మితే ఏ బిల్లు కట్టవచ్చో ఆమెకి కంఠతా. సైమన్‌కి ఇరవై ఒకటి రాగానే తాళాలు అప్పజెప్పి పక్కకి తప్పుకోవాలి. తప్పుకుని ఎక్కడికి పోవాలో ఎవరూ అడగరు. రచయిత్రి కూడా దీన్ని గట్టిగా అనదు. పక్కవాక్యాల్లో చెప్పీ చెప్పనట్టు పోనిస్తుంది.

ఎందుకలా అంటే, ఆమె జీవితం చూడండి. జోసెఫిన్ టే అసలు పేరు ఎలిజబెత్ మెకింటాష్. స్కాట్లండులోని ఇన్వర్‌నెస్‌లో 1896లో పుట్టింది. వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసింది. తల్లి జబ్బుపడితే ఉద్యోగం వదిలి ఇంటికొచ్చింది. తల్లి పోయాక తండ్రికి ఇల్లు చూస్తూ వుండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. గోర్డన్ డేవియట్ అనే మగపేరుతో నాటకాలు రాసింది. 1933లో ఆమె 'రిచర్డ్ ఆఫ్ బోర్డో' లండన్‌ని ఊపేసింది. హీరో వేషం వేసిన జాన్ గీల్‌గుడ్ పేరు మారుమోగిపోయింది. నవలలకి జోసెఫిన్ టే అన్న పేరు పెట్టుకుంది. జోసెఫిన్ ఆమె తల్లి పేరు. 1952లో యాభై అయిదేళ్ళకే కాన్సరుతో పోయింది. ఇల్లు చూసుకునే కూతురి మనసులో ఏముంటుందో ఆమెకి ఒకరు చెప్పాలా?

బీ అంటే ఏమిటని అత్తమ్మ అడిగింది. అది పేరుకి పొట్టిరూపమే గానీ, ఇంగ్లీషులో తేనెటీగ అని కూడా అర్థం వస్తుందన్నాను. "బాగానే పెట్టారు. తేనె తాగేవాళ్ళు వేరే వుంటారుగా" అంది. తరవాత కాస్సేపు వూరుకుని, "సరేగాని, ఆమె పేరున ఏం రాశారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నవల్లోనూ లేదు. నేను వెతికాను.

నవల గొప్పదన్నాను కదా, లోపాలు లేవనలేదు. 1949లో వచ్చిన పుస్తకంలో, అంతకు నాలుగేళ్ళ ముందు ముగిసిన యుద్ధం జాడ దాదాపు లేదు. పనివాళ్ళు యజమానుల్ని మెచ్చుకోవడానికే పుట్టినట్టు వుంటారు. చెల్లెలనుకోవాల్సిన ఎలినార్ మీద బ్రాట్‌కి మనసు పోవడం మన వాళ్ళకి ముల్లులా గుచ్చుకుంటుంది, అది ఎంత జాగ్రత్తగా నడిపినా సరే. ఇవన్నీ చిన్నవి. పెద్దది ఒకటుంది.

బ్రాట్ ఎవరో చివర్లో తేలుతుంది. ఎలాగో నేను చెప్పను, చదువుకోండి. ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. ఆ ఇంట్లో స్థానం సంపాదించుకున్నవాడికి, ఆ ఇంటి నెత్తురులోనూ ఒక పాలు వుందని రచయిత్రి నిరూపిస్తుంది. కథ అంతా నడిపింది దేనికి? మనిషిని పట్టిచ్చేది పుట్టుక కాదు, చేతిపని, చేతి నిజాయితీ అని చెప్పడానికి. సైమన్‌ది అచ్చమైన ఆష్‌బీ నెత్తురు. వాడు హంతకుడు. బ్రాట్ పేరులేని అనాథ. వాడు మనిషి. ఇంత బాగా చెప్పి, ఆఖరికి 'భయపడకండి, వాడూ మనవాడే' అని పాఠకుల్ని బుజ్జగించడం నాకు నచ్చలేదు. పిల్లల్ని పెంచుకున్న ఇళ్ళు మనలో ఎన్ని లేవు? పెంచిన తల్లి ముందు ఆ చివరి అధ్యాయం చదివి వినిపించగలమా?

అత్తమ్మ ఒక్క ముక్కలో అడిగింది. "అంటే, వాడు వొట్టి పరాయోడే అయితే మళ్ళీ వీధిలోకి తోలేవాళ్ళా?"

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ విమర్శ సగమే అవుతుంది.

మావారికి ఎనిమిదేళ్ళప్పుడు అమ్మా నాన్నా బస్సు ప్రమాదంలో పోయారు. వెనక ఇద్దరు చెల్లెళ్ళు. అత్తమ్మకి ఆ యేడే సంబంధం కుదిరి వుంది. 'పిల్లలు ఓ దారికి వచ్చాక చూద్దాంలే' అంది. ఆ పెళ్ళివాళ్ళు అంతకాలం ఆగుతారా? ఆవిడ గేదెల్ని మేపి పాలు పోసింది. కౌలు లెక్కలు చూసింది. పోటీ ఎద్దుల్ని అమ్మిన రోజు మాత్రం అన్నం తినలేదని మా ఆడపడుచు చెబుతుంది. ముగ్గురినీ చదివించింది. ఇద్దరు ఆడపిల్లలకీ పెళ్ళిళ్ళు చేసింది. 1996లో మావారికి ఇరవై ఒకటి నిండాక పంపకాల దస్తావేజు రాశారు. ఆ దస్తావేజులో ఆవిడ పేరు ఒకే ఒక్కచోట వుంది. కింద, 'సాక్షులు' అన్నచోట. సంతకం గుండ్రంగా, ముత్యాల్లా వుంటుంది.

మన రాష్ట్రంలో 1986లో ఒక సవరణ చట్టం చేశారు. 1985 సెప్టెంబరు 5 నుంచే అది అమల్లో వున్నట్టు లెక్క. అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు అన్నారు. దేశమంతటికీ, పెళ్ళయిన కూతుళ్ళకి కూడా కలిపి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఆ లెక్కన మా అత్తమ్మకి ఎంత వచ్చేదో, అసలు వచ్చేదో రాదో, లాయర్లు తేల్చాలి. నేను కోర్టు మాట అనడం లేదు. ఆ దస్తావేజు రాసిన రోజున ఆ గదిలో అంతమంది పెద్దమనుషులున్నారే, ఒక్కరైనా ఆవిడ వంక చూసి 'నీకేమిటమ్మా' అని ఎందుకు అడగలేదూ అంటున్నాను. దుర్మార్గులు కారు వాళ్ళు. అలవాటు పడినవాళ్ళు. ఇంగ్లండులో లాచెట్స్ ఇంటి లాయరూ అలాంటి మంచివాడే.

నవల మీద నా చివరి మాట ఇదీ. ఈ పుస్తకంలో రెండు రహస్యాలున్నాయి. పాట్రిక్ ఏమయ్యాడన్నది మొదటిది. దాన్ని టే అందంగా విప్పింది. ఇంటిని నిలబెట్టిన మనిషికి ఆ ఇంట్లో ఏం హక్కుందన్నది రెండోది. దాన్ని ముట్టుకుని, వేడి తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది. మొదటిది చదివిస్తుంది, రెండోది నిద్ర పట్టనివ్వదు. మన రచయిత్రుల్లో ఎవరైనా ఆ రెండోదాన్ని తీసుకుని, గుర్రాల బదులు ఎద్దుల్ని పెట్టి, లాచెట్స్ బదులు మన పల్లెటూరి లోగిలి పెట్టి రాస్తే ఎంత బావుంటుంది! అనువాదం కాదు నేనడిగేది, సొంత నవల.

నాలుగో రాత్రి కథ అయిపోయాక అత్తమ్మ చింతపండు కుండలోకి ఎత్తి, ఉప్పు చల్లి, మూతకి గుడ్డ కట్టి లోపలికి వెళ్ళింది. మావారు వసారా అవతల కుర్చీలో పేపరు చూస్తున్నారు. నాలుగు రాత్రులూ ఆయన ఆ పేపరే చూస్తున్నారు. "విన్నారా?" అన్నాను. "ఊఁ" అన్నారు. "అత్తమ్మ పేరున ఏదైనా రాస్తే బాగుంటుందేమో" అన్నాను. కాస్సేపాగి, "చూద్దాం" అన్నారు.

అది జరిగి నెలయింది. ఆ 'చూద్దాం' ఇంకా వసారాలోనే వుంది. ఈ పత్రిక మా ఇంటికి ప్రతివారం వస్తుంది, మావారు మొదట తెరిచేది ఈ అనుబంధమే. నోటితో రెండోసారి అడగలేక ఇక్కడ రాశాను.